గాజుతొట్టిలో వేటచేప: క్షేత్రములో పుట్టినదా, చెరువులో పట్టినదా?

పోయిన వేసవిలో ఒకనాటి సాయంకాలము మా కార్యాలయమునకు ఒక రైతు, పదవ తరగతి చదువుచున్న అతని కుమారుడు వచ్చిరి. కుర్రవాని చేతిలో మూతపెట్టిన ప్లాస్టిక్ బకెట్టు ఉన్నది. మూత తీసి చూడగా అందులో అడుగు పొడవున్న ఆస్కార్ చేప ఒకటి వంకరగా పడుకొని యున్నది.

"సారూ, వీడు రెండేళ్ల కిందట మూడు వేళ్లంత పిల్లను తెచ్చాడు. రెండడుగుల తొట్టిలో వేశాడు. పక్కనున్న చేపలన్నింటినీ మింగేసింది. ఇప్పుడు అది తిరగడానికే చోటు లేదు. మా ఊరి చెరువులో వదిలేద్దామా, ఏమంటారు?" అని రైతు అడిగెను.

కుర్రవాడు మాత్రము, "చెరువులో వేస్తే బతుకుతుందా అండీ? వద్దంటే చంపెయ్యాలా?" అని అడిగి తల వంచుకొనెను.

చెరువులో వదలవద్దనియు, చంపనవసరము లేదనియు చెప్పి, తాత్కాలికముగా చేయవలసిన ఏర్పాటు చెప్పి పంపితిని. కాని ఆ రెండు ప్రశ్నలకు సరియైన సమాధానము బకెట్టు ముందు నిలబడి చెప్పగలిగినది కాదు. చేపను కొనుటకు ముందే తెలిసికొనవలసినది. నేను వ్యవసాయ పట్టభద్రుడనే గాని మత్స్యశాస్త్రజ్ఞుడను కాను. అయినను మత్స్యశాఖ మిత్రుల వలనను, మా ఇంటి తొట్టి వలనను నేర్చుకొన్న కొన్ని సంగతులను పాఠకుల ముందుంచుచున్నాను.

వేటచేప అనగా ఏది?

చెరువులో బొచ్చె, రోహు, మోసు పిల్లలను వదలుటకు ముందు ఇప్పపిండి వేసి మాంసాహార చేపలను తొలగించవలెనని రైతులకు ఏటా చెప్పుచుందుము. కొర్రమీను, మట్టగిడస, పూమీను, వాలుగ మొదలైనవి ఈ తరగతివి. చెరువులో మనకు పనికిరాదని తీసివేసిన ఈ చేపయే గాజుతొట్టిలో అందరి చూపులను ఆకర్షించును. ఇది మనిషిని గుర్తించును. మేతకై ఎదురుచూచును. పొంచియుండి ఒక్క ఊపులో ఎరను పట్టును. చిన్న రంగుచేపలలో కానరాని తెలివి వీనిలో కానవచ్చును. పిల్లలు దీనిని ఇష్టపడుటలో ఆశ్చర్యము లేదు.

మన పట్టణములలోని దుకాణములలో దొరకు వేటచేపలలో ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, అరోవానా ముఖ్యమైనవి. ఆస్కార్ దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతపు చేప. అయినను నేడు మనకు దొరకు ఆస్కార్లు అక్కడినుండి పట్టి తెచ్చినవి కావు. తరతరాలుగా పెంపకపు తొట్లలో పుట్టినవి. ఫ్లవర్‌హార్న్ ప్రకృతిలో ఎక్కడను లేదు. అది వేర్వేరు జాతులను కలిపి మలేషియాలో 1990ల ప్రాంతమున రూపొందించిన సంకరము. మన దేశమున అలంకార చేపల పెంపకమునకు చెన్నైలోని కొళత్తూరు పేరు పొందినది.

ఇక చెరువు, కాలువ, వాగులలో పట్టి తెచ్చువానిలో మన ప్రాంతమున మొదట చెప్పదగినది మట్ట జాతి. అందులో కొర్రమీనును తెలంగాణ ప్రభుత్వము 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించినది. అది మీటరు పొడవు వరకు పెరుగగలదు. పూమీను అంతకు మించి పెరుగును. కావున ఈ రెండును ఇంటి తొట్టికి తగినవి కావు. మట్టగిడస సాధారణముగా జానెడు లోపుననే ఉండును. మొదటిసారి వేటచేపను పెంచదలచినవారికి అదియే మేలు.

రెండింటికి గల తేడాలు

క్షేత్రములో పుట్టిన చేప గాజుగోడలకు, మనిషి నీడకు, గుళిక మేతకు చిన్ననాడే అలవాటు పడియుండును. క్రొత్త ఇంటికి వచ్చిన రెండు మూడు రోజులలోనే మేత ముట్టును. దాని వయస్సు, అది తిన్న మేత అమ్మినవారిని అడిగి తెలిసికొనవచ్చును. ప్రకృతిలోని చేపలకు నష్టము లేదు. ఇవి దాని లాభములు.

లోపములును కలవు. ఒకే తల్లిదండ్రుల సంతతిని మరల మరల జతపరచుటచే వెన్ను వంకరలు, పొట్టి మొప్పమూతలు, వంకర దవడలు గల పిల్లలు పుట్టుచుండును. క్రిక్కిరిసిన తొట్లలో పెరిగినది గనుక ఒక చేపకు వచ్చిన వ్యాధి అన్నింటికి వ్యాపించియుండును. రంగు కొరకు సూదితో వర్ణములు ఎక్కించిన చేపలు కూడ బజారులో ఉండును. అట్టివానిని కొనరాదు. ఆ రంగు కొలదికాలములో వెలిసిపోవును. సూదిపోటు గాయము మాత్రము చేపను క్రుంగదీయును.

చెరువులో పట్టిన చేప దృఢమైనది. మన నీటికి, మన వేసవికి పుట్టుకనుండి అలవాటు పడినది. దాని నడవడి సహజముగా ఉండును. పైగా పొరపాటున జారిపోయినను అది మన జాతియే. కాని అది తనతోపాటు చేపపేనును, లంగరు పురుగును, కడుపులోని పురుగులను తెచ్చును. వల రాపిడికి పొలుసు ఊడియుండును. కదలని మేతను అది మేతగా గుర్తింపదు. కొందరి తొట్లలో ఇట్టి చేపలు నెల తిరుగక ముందే చనిపోవుటకు కారణము జబ్బు ఒక్కటే కాదు, ఆకలి కూడ.

మరియొక ముఖ్య విషయము. మట్ట జాతి చేపలు వానకాలములో గ్రుడ్లు పెట్టును. తల్లిదండ్రులు పిల్లల గుంపును విడువక కాపలా కాయును. నీటిపై ఎర్రని పిల్లలు గుంపుగా కదలుచుండగా దాని క్రింద పెద్ద చేప ఉన్నదని మన జాలరులకు తెలియును. ఆ పెద్దచేపను పట్టినచో తక్కిన చేపలు కప్పలు కలిసి ఆ పిల్లల గుంపును తినివేయును. మనము ఒక చేపను తెచ్చితిమని అనుకొందుము. చెరువుకు జరిగిన నష్టము వందల చేపలు. కావున వానకాలములో జతగా తిరుగు చేపలను గాని, పిల్లలతోనున్న చేపలను గాని తొట్టి కొరకు పట్టరాదు. చెరువు సహకార సంఘముదైనచో వారి అనుమతి పొందవలెను.

ఎన్నుకొనునప్పుడు చూడవలసినవి

దుకాణములో చేపను నిలుచుండి పది నిమిషములు చూడుడు. రెక్కలు విప్పుకొని ఈదుచున్నదా? కండ్లు నిర్మలముగా నున్నవా? ఊపిరి నింపాదిగా తీసికొనుచున్నదా? కడుపు లోనికి పోయి వెన్ను కత్తివలె కనబడు చేపను, తెల్లని దారమువలె మలము వేలాడు చేపను విడిచిపెట్టవలెను. మీ ఎదుట మేత వేయమని కోరుడు. తినని వేటచేపను కొనరాదు. అదే తొట్టిలో చచ్చిన చేప తేలియున్నచో మంచి చేపను కూడ తేరాదు.

వీటన్నింటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న, "ఇది ఎంత పెరుగును?" అన్నది. మూడంగుళముల ఆస్కార్ ఒకటి రెండేండ్లలో అడుగు పొడవగును. తొట్టి చిన్నదైనంత మాత్రమున చేప చిన్నదిగా ఆగిపోవునని కొందరు చెప్పుదురు. అది సరికాదు. చెడిన నీటిలో ఎదుగుదల కుంటుపడును, ఆయువు తగ్గును. దానిని ఇమిడిపోవుట అనరాదు.

తొట్టి కొలతలు

మా వద్దకు వచ్చిన కుర్రవాని తొట్టి పొడవు 2 అడుగులు, వెడల్పు 1 అడుగు, ఎత్తు 1 అడుగు. అనగా 2 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్లకు పైగా నీరు పట్టును గనుక, అంచువరకు నింపినను 56 లీటర్లు. అడుగు పొడవుగల చేప అడుగు వెడల్పుగల తొట్టిలో వెనుకకు తిరుగజాలదు. ఒక ఆస్కార్‌కు కనీసము 4 అడుగుల పొడవు, 1½ అడుగు వెడల్పు, 1½ అడుగు ఎత్తు ఉండవలెను. ఇది 9 ఘనపుటడుగులు, సుమారు 255 లీటర్లు. మట్టగిడస ఒకటి రెండింటికి మూడడుగుల తొట్టి చాలును.

లీటరు నీరు కిలో తూగును. కావున పై తొట్టి గాజు, గులకరాళ్లతో కలిపి మూడు క్వింటాళ్లకు తక్కువ కాదు. గోడ అలమరపై గాని, చెక్కబల్లపై గాని పెట్టరాదు. ఇనుప స్టాండు వేయించి, గాజు క్రింద థర్మోకోల్ పలక పరచవలెను. కిటికీ ఎండ తగలని చోటు చూచుకొనవలెను.

మట్ట జాతికి తొట్టి మూత ప్రాణాధారము. ఈ చేపలు మొప్పలతోపాటు తలలోని గాలి అరతో నేరుగా గాలి పీల్చును. నీటి పైకి వచ్చి గాలి తీసికొననిచో ఎంత మంచి నీటిలోనైనను ఊపిరాడక చచ్చును. కావున నీటికి మూతకు నడుమ నాలుగంగుళముల ఖాళీ ఉంచవలెను. మూతకు గాలి రంధ్రములుండవలెను, పైన బరువు ఉండవలెను.

ఈ మాట నాకు అనుభవము మీద తెలిసినది. మొదట తెచ్చిన మట్టగిడసకు మూత పెట్టితిని గాని, గాలిగొట్టము కొరకు ఒక మూల రెండంగుళముల సందు వదలితిని. తెల్లవారి చూడగా తొట్టి ఖాళీ. ఇల్లంతయు వెదకగా మంచము క్రింద దుమ్ములో పొరలి కనబడినది. గాలి పీల్చు జాతి గనుక ప్రాణము నిలిచినది. తడిచేతులతో తీసి నీటిలో విడిచితిని. ఆస్కార్ అయియుండినచో బ్రతికెడిది కాదు. నాటినుండి సందులో స్పాంజి ముక్క దూర్చి ఉంచుచున్నాను.

నీటిని సిద్ధపరచుట

చేపలు చనిపోవుటకు అన్నింటికంటె పెద్ద కారణము క్రొత్త తొట్టిలోని క్రొత్త నీరు. రైతులకు ఇది సులభముగా అర్థమగు విషయమే. పొలములో యూరియా వేసినపుడు అది అమ్మోనియాగా మారి, ఆపై నేలలోని సూక్ష్మజీవుల వలన నైట్రైటుగాను, నైట్రేటుగాను మారును. తొట్టిలోను ఇదే జరుగును. చేప మొప్పలనుండి వెలువడు అమ్మోనియా, మిగిలిన మేత క్రుళ్లగా పుట్టు అమ్మోనియా చేపకు విషము. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు అంత హాని చేయదు. ఈ మార్పును చేయు సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలోను, గులకరాళ్లపైనను స్థిరపడుటకు మూడు నుండి ఆరు వారములు పట్టును. వేటచేప మాంసాహారి గనుక దాని విసర్జనలో నత్రజని అధికము. కావున ఈ జాగ్రత్త రంగుచేపలకంటె దీనికి ఎక్కువ అవసరము.

తొట్టిలో నీరు నింపి, ఫిల్టరు నడిపి, రోజు విడిచి రోజు చిటికెడు చేపమేత వేయుచుండవలెను. వేసిన మేత క్రుళ్లి సూక్ష్మజీవులకు ఆహారమగును. అమ్మోనియా, నైట్రైటు పరీక్షించు చిన్న పెట్టెలు అలంకార చేపల దుకాణములలో దొరకును. రెండును సున్నాకు వచ్చిన పిమ్మటనే చేపను విడువవలెను. పాత తొట్టిగల మిత్రుని వద్దనుండి వాడుకలోనున్న స్పాంజి తెచ్చి మీ ఫిల్టరులో పెట్టినచో పని త్వరగా అగును. పాలు కాచి తోడు వేయుటవంటిదే ఇది. అయితే ఆ తొట్టిలో జబ్బు లేదని నిశ్చయపరచుకొనవలెను.

మన బోరునీరు పెక్కు చోట్ల క్షారగుణము గలది. క్షారత పెరిగినకొలది అమ్మోనియాలో విషభాగము ఎక్కువగును. ఎండకాలములో నీరు వేడెక్కినను అట్లే. కావున మే నెలలో మేత తగ్గించి నీరు తరచుగా మార్చవలెను. కుళాయినీటిలో క్లోరిన్ ఉండును. బకెట్లలో పట్టి, గాలి తగులునట్లు ఒక రోజు ఉంచవలెను. లేదా క్లోరిన్ విరుగుడు మందు వాడవలెను.

వారమునకొకసారి నాలుగవ వంతు నీరు మార్చవలెను. 255 లీటర్ల తొట్టికి ఇది సుమారు 64 లీటర్లు, అనగా నాలుగు బకెట్లు. మొత్తము నీరు ఒకేసారి తీసి, స్పాంజిని కుళాయి క్రింద తోమి కడుగుట మంచి అలవాటు కాదు. సూక్ష్మజీవులు నశించి తొట్టి మరల మొదటికి వచ్చును. తీసిన తొట్టి నీటిలోనే స్పాంజిని పిండవలెను. ఆ నీటిని పారబోయక పెరటిలోని కూరమొక్కలకు పోయుడు. అందులోని నైట్రేటు మొక్కకు ఆహారము. ఉప్పు వేసిన నీటిని మాత్రము మొక్కలకు పోయరాదు.

ఆస్కార్‌కు 24 నుండి 28 డిగ్రీల సెంటీగ్రేడు వేడి అనుకూలము. చలికాలములో లీటరుకు ఒక వాటు చొప్పున హీటరు అమర్చవలెను. మట్టగిడసకు మన ప్రాంతమున హీటరు అక్కరలేదు. కరెంటు పోయినపుడు మట్టగిడస గాలి పీల్చి నిలుచును. ఆస్కార్ నిలువలేదు. దానికి బ్యాటరీతో నడచు గాలిపంపు ఒకటి సిద్ధముగా ఉంచవలెను.

వేరుగా ఉంచి చూచుట

క్రొత్త ఆవును కొని తెచ్చినపుడు మందలో కలుపక కొన్నాళ్లు విడిగా కట్టుదుము గదా! చేపకును అట్లే చేయవలెను. 50 లేక 60 లీటర్ల చిన్న తొట్టిలో క్షేత్రపు చేపను కనీసము మూడు వారములు, చెరువు చేపను ఆరు వారములు ఉంచవలెను. దాని వల, గొట్టము, బకెట్టు వేరుగా ఉండవలెను.

దూది పింజవంటి బూజు, వల గాయములు ఉన్నచో లీటరుకు 3 గ్రాముల చొప్పున కల్లుప్పు వేయవలెను. 60 లీటర్లకు 180 గ్రాములు. ఒకేసారి వేయక, విడిగా కరిగించి రోజులో మూడు దఫాలుగా పోయవలెను. జెల్ల జాతి చేపలకు పొలుసులు లేవు. వానికి ఇందులో సగము చాలును. చేపపేను కంటికి కనబడును. అది పచ్చని చిన్న బిళ్లవలె చర్మమునకు అంటుకొనియుండును. తడిగుడ్డతో చేపను పట్టి, మొద్దు చిమటాతో తీసివేయవచ్చును. లంగరు పురుగు తల కండలోనికి దిగియుండును గనుక అనుభవము గలవారిచే తీయించుట మంచిది.

చర్మముపై ఎర్రని మచ్చలు పుండ్లుగా మారుచున్నచో అది పుండ్ల వ్యాధి కావచ్చును. అఫనోమైసిస్ అను నీటిబూజు వలన కలుగు ఈ వ్యాధి 1988లో మన దేశమున ప్రవేశించి, కొర్రమీను జాతిని మిక్కిలిగా నష్టపరచినది. దీనికి చెరువులలో వాడుటకు కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ వారు సైఫాక్స్ అను మందును తయారుచేసిరి. వానలు వెనుకబడి చలి మొదలగు కాలములో ఈ వ్యాధి ఎక్కువగా కనబడును. ఆ రోజులలో పుండ్లున్న చెరువు చేపను ఇంటికి తేరాదు. ఆ తొట్టి నీటిని కాలువలోను పోయరాదు.

మేత నేర్పుట

చేపపిల్లకు ఈత నేర్పనక్కరలేదందురు. నిజమే. కాని చెరువునుండి వచ్చిన వేటచేపకు కదలని మేతను తిన నేర్పవలెను. ఇందుకు ఓర్పు కావలెను. వరుస ఇది.

మొదటి రెండు మూడు రోజులు మేత వేయరాదు. తొట్టికి మూడు ప్రక్కల కాగితము అంటించి, లోపల మట్టికుండ పెంకు పెట్టి దాగుటకు చోటు కల్పించవలెను. పిమ్మట పెరటిలో త్రవ్విన శుభ్రమైన వానపాములను సాయంకాలము ఒకటి రెండు వేయవలెను. పురుగుమందు చల్లిన చేనిలోని వానపాములు పనికిరావు. వారము దినములు వానిని తిన్న తరువాత, రొయ్య ముక్కను గాని చిన్న చేప ముక్కను గాని దారమునకు కట్టి నీటిలో మెల్లగా కదలించవలెను. కదలుచున్నది గనుక పట్టును. మూడవ వారమున దారము లేకుండ జారవిడువవలెను. నాల్గవ వారమున రొయ్యముక్కల నడుమ నానబెట్టిన గుళికలను కలుపవలెను. ఐదు నిమిషములలో తినని మేతను తీసివేయవలెను. ఆరోగ్యముగానున్న పెద్ద వేటచేప పది రోజులు తినకున్నను చావదు. కంగారుపడి బ్రతికిన చేపపిల్లలను వేసినచో నేర్చిన పాఠము పోవును.

బ్రతికిన చేపలను మేతగా వేయుట వినోదముగా కొందరు చేయుదురు. దీనివలన రెండు కీడులు. కాలువ చేపలు కాలువ జబ్బులను తెచ్చును. గోల్డ్‌ఫిష్, బంగారుతీగ వంటి చేపల శరీరములో బి-1 విటమినును నశింపజేయు ఎంజైము కలదు. అవే నిత్యమేత అయినచో వేటచేప నరముల బలహీనతతో క్రుంగును. కోడి, మేక మాంసపు క్రొవ్వును చేప సరిగా జీర్ణించుకొనలేదు. రొయ్య, చేపముక్క, వానపాము, మంచి గుళిక, వీనిని మార్చి మార్చి పెట్టుట మేలు.

పిల్లచేపకు రోజుకు రెండుసార్లు, పెద్దచేపకు రోజు విడిచి రోజు మేత చాలును. వారమునకొక ఉపవాసము మంచిది. పిల్లలు ముచ్చటపడి గంటకొకసారి వేసిన మేతయే అమ్మోనియా అగును.

జోడి విషయము

వేటచేప నోట పట్టినదెల్ల దానికి మేతయే. ఈ ఒక్క సూత్రము గుర్తుంచుకొన్నచో చాలును. పెద్దదానిలో సగము కంటె చిన్నదైన చేపను దానితో కలుపరాదు. మట్ట పిల్లలు ఒకదానినొకటి తినును. క్షేత్రములలో వానిని పరిమాణమును బట్టి తరచుగా వేరుచేయుట ఇందుకే. చెరువు చేపను, క్షేత్రపు చేపను ఒకే తొట్టిలో కలుపుట క్రొత్తవారికి తగదు. ఒకటి జబ్బు తెచ్చును. రెండవది దానికి తట్టుకొనలేదు.

చెరువులో ఎందుకు వదలరాదు?

ఇప్పుడు ఆ రైతు ప్రశ్నకు వత్తము. చెరువు పెద్దది, చేప ఒకటి, నష్టమేమని తోచవచ్చును.

తొట్టి గాజుపై నాచును తినునని తెచ్చిన దక్షిణ అమెరికా చేప ఒకటి నేడు మన కాలువలలోను చెరువులలోను దెయ్యపు చేప అను పేరుతో జాలరుల వలలను చింపుచున్నది. దాని ఒంటిపై ఎముక పలకలు, రెక్కలకు ముండ్లు ఉన్నవి. దానిని కొనువారు లేరు. తూర్పు కనుమల ప్రాంతపు జలాశయములలో అది వ్యాపించినట్లు హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము వారు నీటి నమూనాలను పరీక్షించి కనుగొనిరి. 2023లో శ్రీనగరములోని దాల్ సరస్సున ఎలిగేటర్ గార్ అను అమెరికా వేటచేప పట్టుబడినది. ఇట్టివి తమంతట తాము సముద్రములు దాటి రాలేదు.

పరదేశములలో మన జాతి చేపలును ఇట్టి నష్టమునే చేసినవి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రమున క్రాఫ్టన్ వద్ద ఒక కుంటలో 2002లో మట్ట జాతికి చెందిన చైనా చేపలు పిల్లలతో సహా బయటపడినవి. ఒక వ్యక్తి బజారులో కొన్న రెండు చేపలను ఆ కుంటలో విడుచుటయే అందుకు మూలము. ఆ ఏడే అమెరికా ప్రభుత్వము మట్ట కుటుంబమునంతటిని హానికర జాతుల పట్టికలో చేర్చినది. అచ్చట నివసించు మనవారు కొర్రమీనును బ్రతికియున్నదిగా తెప్పించుకొని పెంచరాదు. మనకు రాష్ట్ర చేప, వారికి నేరము. చేప మంచిదా చెడ్డదా అన్నది అది ఉన్న చోటును బట్టి యుండును.

ఊరి చెరువు మీద ఎందరో బ్రతుకుచున్నారు. సహకార సంఘమువారు ఏటా చేపపిల్లలను విడిచి వాటిపై ఆశ పెట్టుకొందురు. అడుగు పొడవుగల పరదేశపు మాంసాహారి అందులో తినునది వారి పిల్లచేపలనే. చెరువు చేపను తొట్టిలో ఉంచి మరల అదే చెరువులో వదలుట కూడ మంచిది కాదు. తొట్టిలో అంటిన జబ్బు చెరువంతటికి పాకవచ్చును.

చట్టము

పెంచదలచినవారు చట్టమును కూడ తెలిసికొనవలెను. ఆఫ్రికా జాతి మార్పు చేప పెంపకమును కేంద్ర ప్రభుత్వము 2000 సంవత్సరములో నిషేధించినది. ఆసియా అరోవానా అంతర్జాతీయ ఒప్పందము క్రింద అత్యంత రక్షణ పొందిన జాతి. అడవి నదులలో పట్టిన దానితో వ్యాపారము చేయరాదు. నమోదైన క్షేత్రములలో పుట్టినవానికి శరీరములో గుర్తింపు చిప్పు, వెంట ధ్రువపత్రము ఉండును. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టము 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టపు నాల్గవ పట్టికలోని విదేశీ జాతుల ప్రాణులను పెంచువారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. ఇందుకు నియమములు 2024లో వెలువడినవి. వెండి అరోవానా ఈ పట్టికలోనిది కాదు. కావున అరోవానా అని చెప్పి అమ్మినపుడు ఏ జాతియో వ్రాసి ఇమ్మని అడిగి, రసీదు తీసికొనుడు.

తొట్టి నిండిపోయినచో

అనుకొన్నదానికంటె చేప పెరిగినచో మార్గములు లేకపోలేదు. అమ్మిన దుకాణమువారిని అడుగుడు. పెద్ద తొట్టిగల మరియొకరికి ఇండు. సమీపమున అలంకార చేపల క్షేత్రమున్నచో విచారింపుడు. మత్స్యశాఖ అధికారిని సంప్రదింపుడు. కాలువ, చెరువు, మురుగుబోదె మాత్రము మార్గములు కావు.

ఆ రైతుకు నేను చెప్పినదిది. వారి పొలమువద్ద పశువులకు నీరు పెట్టు పాత సిమెంటు తొట్టి ఒకటి వాడుకలో లేక పడియున్నది. దానిని సున్నము, సబ్బు తగులకుండ కడిగి, కాలువతో సంబంధము లేకుండ నీరు నింపి, ఫిల్టరు పెట్టి, పైన కొంగలు తన్నుకొనిపోకుండ వల కప్పుమంటిని. రెండడుగుల తొట్టిలోని స్పాంజినే అందులో పెట్టించితిని. వేసవి గడిచినది. దసరాకు ఆ కుర్రవాడు తాను కూడబెట్టిన డబ్బుకు తండ్రి కొంత కలుపగా నాలుగడుగుల తొట్టి చేయించుకొనెను. చలి ముదరకముందే చేపను ఇంటిలోనికి మార్చిరి. మొన్న ఫోనులో, "ఇప్పుడు చేతిలోంచి రొయ్యముక్క తీసుకుంటోందండీ. పాత తొట్టి మాత్రం ఖాళీగానే ఉంచాను. ఇంకో చేప తేను" అని చెప్పెను. ఆ కడపటి మాట నాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

గుర్తుంచుకొనవలసినవి

1. కొనుటకు ముందే చేప పూర్తి పెరుగుదలను తెలిసికొని, దానికి తగిన తొట్టి ఏర్పాటు చేయవలెను.

2. మొదటిసారి పెంచువారికి గుళిక మేతకు అలవాటుపడిన క్షేత్రపు చేప మేలు. చెరువు చేప కావలెనన్నచో చిన్న జాతిని, వానకాలము కాని రోజులలో తెచ్చుకొనవలెను.

3. తొట్టి నీరు పక్వమగుటకు మూడు నుండి ఆరు వారములు ఓపిక పట్టవలెను.

4. క్షేత్రపు చేపను మూడు వారములు, చెరువు చేపను ఆరు వారములు విడిగా ఉంచి చూడవలెను.

5. మట్ట జాతికి నీటిపై గాలి చోటు, సందులేని బరువైన మూత తప్పనిసరి.

6. బ్రతికిన చేపలను మేతగా అలవాటు చేయరాదు.

7. తొట్టి చేపను గాని, జబ్బు తొట్టి నీటిని గాని చెరువు కాలువలలో విడువరాదు.

ఇంటికి తెచ్చిన ప్రాణి మన పోషణలోనిది. గొడ్డుకు గడ్డి, నీడ చూచుకొన్న తరువాతనే సంతకు పోవు రైతుకు ఈ మాట క్రొత్త కాదు. చేప విషయములోను అదే పద్ధతి పాటించినచో తొట్టిలోని చేపకును, ఊరి చెరువుకును క్షేమము.